పొరుగు వలసల రక్షణ మంతనాలు: తిరుపతి షాపుల్లో దొరికే మూడు భాగాల స్పైరల్ నోట్స్ కొనొచ్చా?

తిరుపతిలో యూనివర్సిటీ చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లోనూ, చిత్తూరులో కాలేజీల దగ్గర ఒకటి రెండు చోట్లా ఈ సెట్టు దొరుకుతోంది. మొత్తం మూడు భాగాలు: మొదటిది 84 పేజీలు, రెండోది 96, మూడోది 50. ఏ4 సైజు, 70 జీఎస్ఎం కాగితం, రెండువైపులా ప్రింటు, స్పైరల్ బైండింగు. మూడూ కలిపి 420 రూపాయలు. మ్యాపు రంగుల్లో కావాలంటే ఇంకో 40. అట్ట మీద తయారుచేసినవాళ్ళ పేరు గానీ ముద్రించిన సంవత్సరం గానీ లేవు. సివిల్స్‌లో హిస్టరీ ఆప్షనల్‌ను తెలుగులో రాసేవాళ్ళు, యూజీసీ నెట్‌లో డిఫెన్స్ అండ్ స్ట్రాటజిక్ స్టడీస్ తీసుకున్నవాళ్ళు, ఎంఏ చరిత్ర విద్యార్థులు ఎక్కువగా కొంటున్నారు.

విషయం ఇది. 1936 నుంచి 1942 దాకా ఆగ్నేయాసియాలో పక్కపక్కనే ఉన్న వలస ప్రాంతాలు జపాన్‌ను చూసి భయపడుతూ కూడా కలిసి కాపలా కాయడానికి ఎందుకు అంతగా వెనుకాడాయి? ఒకవైపు బ్రిటిష్ మలయా, సింగపూర్. మలక్కా జలసంధికి అవతల డచ్ ఈస్ట్ ఇండీస్, అంటే నేటి ఇండోనేషియా. పైన ఫ్రెంచ్ ఇండోచైనా, కింద సగం డచ్ సగం పోర్చుగీసు అయిన తిమోర్, ఇటు బర్మా. దీని మీద తెలుగులో చదువుకోదగ్గ పాఠం దాదాపు లేదు. ఎవరో పూనుకుని 230 పేజీలు తెలుగులో రాశారంటే ఆ శ్రమకు మొదట దండం పెట్టాలి. ఈ సమీక్ష కూడా వాళ్ళు తర్వాతి ముద్రణలో సరిచేసుకుంటారనే ఆశతో రాస్తున్నదే.

ముందే తేల్చి చెప్పాలంటే, రెండో భాగం ఒక్కదానికే 420 పెట్టొచ్చు. మొదటి భాగాన్ని పెన్ను చేతిలో పెట్టుకుని దిద్దుకుంటూ చదవాలి. మూడో భాగంలో ప్రశ్నలు వాడుకోండి, కీ మాత్రం నమ్మకండి.

మొదటి భాగంలో అసలు చిక్కు చరిత్రలో లేదు, అనువాదంలో ఉంది. ఇంగ్లీషు మూలం పక్కన పెట్టుకుని మాటకు మాట దించడంతో నాలుగు పదాలు తప్పుదారి పట్టాయి. ఆ నాలుగూ పాఠం అర్థాన్నే మార్చేశాయి. 'స్టాఫ్ కాన్వర్సేషన్స్' అన్నదాన్ని 'సిబ్బంది సంభాషణలు' అన్నారు. చదివేవాడికి ఆఫీసులో గుమాస్తాల కబుర్లు గుర్తొస్తాయి. అక్కడ స్టాఫ్ అంటే యుద్ధ ప్రణాళికలు గీసే సైనికాధికారులు. కాబట్టి 'సైనికాధికారుల మంతనాలు' అని దిద్దుకోండి. 1940 ఆగస్టులో బ్రిటిష్ సైన్యాధిపతులు తయారుచేసిన 'ఫార్ ఈస్ట్ అప్రీసియేషన్' ఇంకా ఘోరం. దాన్ని 'దూరప్రాచ్యానికి ప్రశంస' అని రాశారు. సైనిక పరిభాషలో అప్రీసియేషన్ అంటే పరిస్థితి అంచనా, పొగడ్త కాదు. మూడోది 'న్యూట్రాలిటీ'. కొన్ని పేజీల్లో 'తటస్థత' అని సరిగ్గానే ఉంది, కొన్నిచోట్ల 'నిష్పక్షపాతం' అని పడింది. నిష్పక్షపాతం తీర్పు చెప్పేవాడికి ఉండాల్సిన గుణం. తటస్థత యుద్ధంలో ఏ పక్షమూ చేరని దేశానికి చట్టం ఇచ్చే హోదా. ఆ హోదాకు హక్కులతోపాటు బాధ్యతలూ ఉంటాయి.

నాలుగోది అన్నిటికన్నా నష్టం చేసింది. 'వితౌట్ కమిట్‌మెంట్' అన్న చోటల్లా 'నిబద్ధత లేకుండా' అని రాశారు. తెలుగులో నిబద్ధత లేనివాడంటే చిత్తశుద్ధి లేనివాడు. ఆ కాగితాల్లో ఉన్న భావం వేరు: ప్రభుత్వాలను కట్టిపడేసే మాట ఇవ్వకుండా మాట్లాడుకోవడం. ఈ ఒక్క పదం తప్పడంతో మొదటి భాగం మొత్తం 'బ్రిటిష్‌వాళ్ళు మోసం చేశారు, డచ్‌వాళ్ళు పిరికివాళ్ళు' అన్న ధోరణిలోకి జారిపోయింది. పరీక్షలో ఇలా రాస్తే మార్కులు పోతాయి, అది అలా ఉంచండి. అసలు జరిగింది అర్థంకాదు. ఆ జాగ్రత్త వెనక లెక్క ఉంది. ఆ లెక్క తప్పిందా ఒప్పిందా అన్నది తర్వాతి చర్చ. లెక్కంటూ ఒకటి ఉందని ముందు తెలియాలి.

డచ్ వైపు లెక్క చూడండి. నెదర్లాండ్స్ మొదటి ప్రపంచ యుద్ధంలో తటస్థంగా ఉండి బయటపడిన దేశం. రెండోసారీ అలాగే బయటపడాలనుకుంది. ఆసియాలో బ్రిటన్‌తో సైనిక ఒప్పందం చేసుకుంటే ఐరోపాలో జర్మనీకి సాకు దొరుకుతుంది. అందుకే 1940 మే 10న జర్మనీ దండెత్తేదాకా ఈస్ట్ ఇండీస్ రాజధాని బతావియా (నేటి జకార్తా) నుంచి అధికారికంగా ఒక్క మాటా కదల్లేదు. 1940 ఏప్రిల్ 15న జపాన్ విదేశాంగ మంత్రి అరిటా ఈస్ట్ ఇండీస్ యథాతథ స్థితి గురించి ప్రకటన చేసినప్పుడు డచ్‌వాళ్ళు ఇచ్చిన జవాబు కూడా ఇదే తీరులో ఉంది: మేం ఎవరి రక్షణా అడగలేదు, ఎవరైనా ఇస్తామన్నా తీసుకోం. నోట్స్ దీన్ని 'అహంకారం' అంది. కాదు. ఒకరి రక్షణ ఒప్పుకుంటే ఇంకొకరికి దారి తెరిచినట్టే. జపాన్ కూడా 'మేమూ రక్షిస్తాం' అనొచ్చు కదా! సరిగ్గా ఆ ప్రమాదమే మే నెలలో ముందుకొచ్చింది. జర్మనీ నెదర్లాండ్స్‌ను ఆక్రమించగానే మిత్రపక్ష దళాలు కరీబియన్‌లోని డచ్ దీవులు కురసావ్, అరుబాల్లో దిగాయి. తూర్పున కూడా ఇలాగే చేస్తారా అని టోక్యో నిలదీసింది. అలాంటి ఉద్దేశం లేదని లండన్ చెప్పుకోవలసి వచ్చింది. నోట్స్‌లో కురసావ్ మాటే లేదు. 31వ పేజీ అంచున రాసుకోండి, జాగ్రత్త ఎక్కడ పుట్టిందో ఈ ఒక్క ఉదాహరణ చూపిస్తుంది.

మే తర్వాత కూడా డచ్‌వాళ్ళు వెంటనే కలిసిపోలేదు. అందుకు కారణం చమురు. 1940 సెప్టెంబరులో జపాన్ మంత్రి కొబయాషి బతావియా వచ్చి చమురు కోసం బేరం మొదలుపెట్టాడు. ఆ తర్వాత యోషిజావా వచ్చాడు. బేరం 1941 జూన్ దాకా సాగి తెగిపోయింది. ఎదుటివాడితో బేరమాడుతూ పక్కింటివాడితో యుద్ధ ప్రణాళిక వేస్తున్నట్టు కనబడితే బేరం అక్కడే ముగుస్తుంది. అందుకే గవర్నర్ జనరల్ చార్డా వాన్ స్టార్కెన్‌బర్గ్ ఒకవైపు కాలం గడుపుతూ, ఇంకోవైపు సైనికాధికారులను చడీచప్పుడు లేకుండా సింగపూర్ పంపించాడు. నోట్స్ ఈ రెండు పనులనూ వేర్వేరు అధ్యాయాల్లో పెట్టింది. పక్కపక్కన పెట్టి తేదీలు కలిపి చూస్తేనే విషయం వెలుగులోకి వస్తుంది.

బ్రిటిష్ వైపు లెక్క ఇంకా కష్టం. నోట్స్‌లో 'సింగపూర్ బలహీనత' అనే పేజీన్నర ఉంది, బాగుంది. 1938 ఫిబ్రవరి 14న నౌకాస్థావరం ప్రారంభించారు, కానీ అందులో పెట్టడానికి నౌకాదళం లేదు. అవసరమైతే ఐరోపా నుంచి ప్రధాన దళం వస్తుందన్నారు. అది చేరేదాకా కోట నిలబడాల్సిన కాలం 1937లో 70 రోజులు, 1939 జూలైలో 90, యుద్ధం మొదలయ్యాక 180. ఈ మూడు అంకెలు జ్ఞాపకం ఉంచుకుంటే చాలు. తమకే దిక్కులేనప్పుడు పక్కవాడికి పూచీ పడటం సాధ్యం కాదు. జపాన్ మలయాను వదిలేసి డచ్ దీవుల మీదికి మాత్రమే వెళితే, అమెరికా కదలకుండా కూర్చుంటే, బ్రిటన్ ఒక్కటే యుద్ధంలో దిగాల్సివస్తుంది. 1940లో లండన్ మంత్రివర్గం డచ్‌వాళ్ళకు హామీ ఇవ్వకపోవడానికి మూలం ఇది. డచ్ ప్రవాస ప్రభుత్వం అదే లండన్ నగరంలో తలదాచుకుని ఉంది. అయినా హామీ రాలేదు. ఇక్కడ నోట్స్ 'ద్రోహం' అనే మాట వాడింది. కొట్టేసి 'వాషింగ్టన్ మాట కోసం ఎదురుచూపు' అని రాసుకోండి.

ఇక రెండో భాగం. దీన్ని రాసిన చెయ్యి వేరే అనిపిస్తుంది. సమావేశాలను ఐదు గడుల పట్టికలో పెట్టారు: తేదీ, ఎవరు వచ్చారు, ఏ హోదాలో వచ్చారు, ఏం ఒప్పుకున్నారు, ఏది పై ప్రభుత్వాలకు వదిలారు. చివరి రెండు గడులే ఈ సెట్టుకు ప్రాణం. 1940 అక్టోబరులో సింగపూర్ రక్షణ సమావేశం జరిగింది. నవంబరు చివర్లో డచ్ అధికారులతో విడిగా మంతనాలు సాగాయి. 1941 ఫిబ్రవరి 22 నుంచి 25 దాకా బ్రిటిష్, డచ్, ఆస్ట్రేలియా ప్రతినిధులు కూర్చున్నారు. ఏప్రిల్ 21 నుంచి 27 దాకా జరిగిన ఏడీబీ (అమెరికా, డచ్, బ్రిటిష్) సమావేశానికి అమెరికా అధికారులూ వచ్చారు. ప్రతిచోటా విమానాలు ఎక్కడికి పంపాలి, ఎవరు ఏ సముద్రం చూసుకోవాలి, సందేశాలు ఎలా పంపుకోవాలి లాంటివి ఒప్పుకున్నారు. యుద్ధంలో దిగుతామా లేదా అన్నది మాత్రం ప్రతిసారీ పైకి పంపారు.

ఏడీబీ పేజీలో ఒక చక్కటి పని చేశారు. ఏ కదలికను యుద్ధ సంకేతంగా తీసుకోవాలో ఆ సమావేశం రాసిన జాబితాను మ్యాపు మీద గీశారు. జపాన్ దళాలు థాయ్‌లాండ్‌లో 100 డిగ్రీల తూర్పు రేఖాంశానికి పడమరగా గానీ 10 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి దక్షిణంగా గానీ వస్తే ఒక సంకేతం. పోర్చుగీసు తిమోర్‌లో దిగితే ఒకటి. పసిఫిక్‌లోని న్యూ కలెడోనియా, లాయల్టీ దీవుల్లో దిగితే ఇంకొకటి. గీతలు గీశాక అవి దాటితే ఏం చేయాలన్న దగ్గర పని ఆగింది. 1941 జూలైలో అమెరికా సైన్యాధిపతులు ఏడీబీ నివేదికను తిప్పికొట్టారు. సైనికాధికారులు రాసిన కాగితంలో రాజకీయ విషయాలు కలిశాయన్నది వాళ్ళ అభ్యంతరాల్లో ముఖ్యమైనది. యుద్ధం ప్రకటించే అధికారం అమెరికా రాజ్యాంగం ప్రకారం కాంగ్రెస్‌ది. ఒక నౌకాదళ కెప్టెన్ సింగపూర్‌లో కూర్చుని 'ఈ గీత దాటితే మేం దిగుతాం' అని సంతకం పెట్టలేడు. నోట్స్ ఈ కారణాన్ని రెండు వాక్యాల్లో ముగించింది. నిజానికి పాఠం మొత్తానికి తాళంచెవి ఇదే: మాట ఇవ్వగలిగే అధికారం ఎవరి దగ్గర ఉంది?

ఈ భాగంలో రెండు తప్పులు దిద్దుకోవాలి. ఫిబ్రవరి సమావేశాన్నీ ఏప్రిల్ సమావేశాన్నీ ఒకచోట కలిపేసి 'వసంతకాలపు ఒప్పందం' అన్నారు. అవి వేర్వేరు సమావేశాలు, హాజరైనవాళ్ళు వేరు, అసలు ఒప్పందం అనదగ్గది ఏదీ జరగలేదు. ఎయిర్ చీఫ్ మార్షల్ బ్రూక్-పోఫమ్‌ను 'సింగపూర్ గవర్నర్' అన్నారు. ఆయన దూరప్రాచ్య సర్వసైన్యాధ్యక్షుడు. పేరు అంత పెద్దదే అయినా నౌకాదళం ఆయన చేతిలో లేదు.

విమానాల లెక్క ఇచ్చిన పేజీ మాత్రం ఎక్కడా తడుముకోకుండా ఉంది. లండన్ సైన్యాధిపతులు మలయాకు అనుకున్నది 336. అక్టోబరు సమావేశం కావాలన్నది 582. యుద్ధం మొదలైన రోజున మలయాలో సిద్ధంగా ఉన్నవి 158. పక్కింటి సాయం ఎందుకు అవసరమైందో ఈ మూడు అంకెలే చెబుతాయి. ఆ సాయం వచ్చింది కూడా. 1941 డిసెంబరు 8న, పెర్ల్ హార్బర్ వార్త అందిన గంటల్లోనే, డచ్‌వాళ్ళు జపాన్ మీద యుద్ధం ప్రకటించారు. ముందు అనుకున్న ప్రకారమే మూడు బాంబర్ దళాలు, ఒక ఫైటర్ దళం సింగపూర్ చేరాయి, జలాంతర్గాములు వచ్చాయి. మాట ఇవ్వకుండా వేసుకున్న పథకమే అప్పుడు పనికొచ్చింది. 'కాగితం మీది మంతనాలన్నీ వృథా' అని నోట్స్‌లో రాసిన వాక్యాన్ని ఈ సంగతే కొట్టేస్తుంది.

హామీ ఎప్పుడు వచ్చిందో కూడా నోట్స్ స్పష్టంగా చెప్పాల్సింది. డిసెంబరు 1న రూజ్‌వెల్ట్ బ్రిటిష్ రాయబారి హాలిఫాక్స్‌కు మాట ఇచ్చాకే లండన్‌కు ధైర్యం వచ్చింది. డిసెంబరు 5న డచ్‌వాళ్ళకు హామీ అందింది. జపాన్ దళాలు దిగింది 8న. మూడు రోజుల తేడా. ఐదేళ్ళ జాగ్రత్తకు దక్కిన గడువు అంతే.

సరవాక్ గురించి ఆరు పేజీలున్నాయి. మూడు భాగాల్లోకీ మంచి రచన ఇదే, నెమ్మదిగా చదవండి. బోర్నియో దీవిలో ఉత్తరాన సరవాక్ బ్రిటిష్ రక్షణలో ఉంది, దక్షిణాన డచ్ బోర్నియో. సరవాక్ కాపలాకు పంపింది ఒక్క పటాలం: 2/15 పంజాబ్ రెజిమెంట్. మిరిలోని చమురు బావులను డిసెంబరు 8నే ధ్వంసం చేశారు. 16న జపాన్ దళాలు దిగాయి. డిసెంబరు 24న కూచింగ్ దగ్గర డచ్ జలాంతర్గామి కే-16 జపాన్ డిస్ట్రాయర్ సగిరిని ముంచింది, మరునాడే తానూ మునిగింది. కూచింగ్ పోయాక పంజాబీ సిపాయిలు సరిహద్దు దాటి డచ్ విమానస్థావరం సింగ్కవాంగ్-2 చేరుకుని డచ్‌వాళ్ళతో కలిసి పోరాడారు. బ్రిటిష్, డచ్ ప్రభుత్వాలు సంతకం చేయని సహకారం అడవిలో పంజాబీ, డచ్ సిపాయిల మధ్య ఇలా జరిగింది. మన దేశపు సిపాయిలు ఈ కథ మధ్యలో ఉన్నారన్నది తెలుగు పాఠకుడికి నోట్స్ గట్టిగా చెప్పింది. ఆ పని మరెక్కడా ఇంత శ్రద్ధగా చేయలేదు.

తిమోర్ అధ్యాయంలో మాత్రం కారణం చెప్పకుండా సంఘటన చెప్పారు. 1941 డిసెంబరు 17న డచ్, ఆస్ట్రేలియా దళాలు తటస్థ పోర్చుగీసు తిమోర్‌లోని దిలీలో దిగాయి. గవర్నర్ నిరసన తెలిపాడు, పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో ప్రధాని సలజార్ మండిపడ్డాడు. ఇంతవరకే నోట్స్. అంతకుముందు లండన్, లిస్బన్ మధ్య సాగిన సంప్రదింపుల్లో అనుకున్నది ఏమిటంటే, జపాన్ దాడి చేస్తే పోర్చుగల్ సాయం అడగవచ్చని. దాడి జరగకముందే దళాలు దిగడంతో అడిగే మాటకు చోటే లేకపోయింది. బ్రిటన్‌కు పోర్చుగల్‌తో స్నేహం 14వ శతాబ్దం నాటిది. అట్లాంటిక్‌లో అజోర్స్ దీవులు ముందు ముందు అవసరం. 1943లో అక్కడ స్థావరాలు దొరికాయి కూడా. తిమోర్‌లో ఒక అడుగు తొందరపడితే అజోర్స్‌లో మూల్యం చెల్లించాలి. అందుకే దౌత్యవేత్తలు అంతగా గుంజాటన పడ్డారు. 1942 ఫిబ్రవరి 19 అర్ధరాత్రి దాటాక జపాన్ దళాలు దిగాయి. పోర్చుగల్ పంపిన సొంత దళం మొజాంబిక్ నుంచి బయలుదేరినా సమయానికి చేరలేదు.

ఇండోచైనా, బర్మాలకు కలిపి పన్నెండు పేజీలు కేటాయించారు. పనికొచ్చే సంగతులు రెండే. 1939 జూన్‌లో సింగపూర్‌లో బ్రిటిష్, ఫ్రెంచ్ అధికారులు సమావేశమయ్యారు. సరిగ్గా ఏడాదికి ఫ్రాన్స్ కూలింది, ఇండోచైనా గవర్నర్ జనరల్ కత్రూ సాయం కోరితే బ్రిటిష్‌వాళ్ళు ఇవ్వలేకపోయారు. ఆ బ్రిటిష్‌వాళ్ళే జపాన్ ఒత్తిడికి 1940 జూలై 18 నుంచి మూడు నెలలు చైనాకు సామగ్రి వెళ్ళే బర్మా రోడ్డు మూసుకున్నారు. రెండో సంగతి, బర్మా రక్షణ ఎవరి కిందికి వస్తుందో ఎప్పటికప్పుడు మారడం. 1937లో భారత్ నుంచి విడిపోయింది, 1940 నవంబరులో సింగపూర్ కిందికి వెళ్ళింది, 1941 డిసెంబరులో భారత్ కిందికి, కొద్ది వారాల్లో అబ్డా అనే ఉమ్మడి కమాండ్ కిందికి, 1942 ఫిబ్రవరిలో మళ్ళీ భారత్ కిందికి. మిగతా పేజీలు తిప్పేయండి.

అబ్డా అంటే అమెరికా, బ్రిటిష్, డచ్, ఆస్ట్రేలియా ఉమ్మడి కమాండ్. బ్రిటిష్ జనరల్ వేవెల్ దాని అధిపతి, జావాలోని లెంబాంగ్‌లో కార్యాలయం. 1942 జనవరి 15న మొదలై ఫిబ్రవరి 25న రద్దయింది. రెండు రోజుల తర్వాత జావా సముద్ర యుద్ధంలో డచ్ అధికారి డోర్మన్ కింద నాలుగు దేశాల ఓడలు కలిసి పోరాడి ఓడిపోయాయి. వాటికి ఉమ్మడి సంకేత పుస్తకం లేదు, కలిసి చేసిన విన్యాసం లేదు. ఆదేశం ఒక భాషలో బయలుదేరి ఇంకో భాషలోకి మారాకే అటుపక్క ఓడకు అందేది. జాగ్రత్త వల్ల వచ్చిన అసలు నష్టం ఇక్కడ లెక్కకొస్తుంది: మాట ఇవ్వకపోవడం కాదు, మాట ఇవ్వకుండానే చేయగలిగిన కలిసి సాధన చేసే పనిని కూడా వాయిదా వేయడం. నోట్స్ ఈ యుద్ధాన్ని ఒక పేరాలో వదిలేసింది. అన్యాయం.

ఈ సెట్టు తిరుపతిలో అమ్ముడుపోతోంది, ఇక్కడి ఉదాహరణ ఒక్కటీ లేదు. 1740లో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ మరాఠాల చేతిలో చనిపోయింది దామలచెరువు కనుమ దగ్గర. తిరుపతి, చిత్తూరు మధ్య తిరిగేవాళ్ళకు మామిడికాయల మార్కెట్టుగా తెలిసిన ఊరే. ఆయన కుటుంబం ఫ్రెంచివాళ్ళ పాండిచ్చేరిలో తలదాచుకుంది. కొద్దిపాటి ఏళ్ళకే ఐరోపాలో ఇంగ్లండు, ఫ్రాన్స్ యుద్ధానికి దిగాయి. మనం ఇక్కడ కొట్టుకోవద్దని పాండిచ్చేరి గవర్నర్ డూప్లే మద్రాసు గవర్నర్ మోర్స్‌కు కబురు పెట్టాడు. మోర్స్ జవాబు, రాజుగారి యుద్ధనౌకల మీద తనకు అధికారం లేదని. ఆ తర్వాత డూప్లే నవాబు అన్వరుద్దీన్‌ను ఆశ్రయించాడు, తన సీమలో యుద్ధం కుదరదని నవాబు ఇంగ్లీషువాళ్ళకు చెప్పాడు. 1746లో ఫ్రెంచివాళ్ళు మద్రాసు పట్టుకోనే పట్టుకున్నారు. ఏడీబీ కాగితానికి దాదాపు 200 ఏళ్ళ ముందు జరిగిన ఇదే కథ: పొరుగు వలసల పెద్దలు మాట్లాడుకోగలరు, పూచీ ఇచ్చే అధికారం సముద్రాల అవతల ఉంటుంది. ఒక పేజీ చేర్చితే విద్యార్థికి మొదటి గంటలోనే విషయం పట్టుబడుతుంది. పాండిచ్చేరి మరో ఉదాహరణకూ పనికొస్తుంది. 1940 సెప్టెంబరులో అక్కడి గవర్నర్ బోన్విన్, జర్మనీకి లొంగని డి గాల్ పక్షం చేరాడు. చుట్టూ బ్రిటిష్ భూమి ఉన్నవాడి ఎంపికకూ, పక్కన జపాన్ ఉండి, జర్మనీకి లొంగిన విషీ ప్రభుత్వంతోనే ఉండిపోయిన ఇండోచైనా ఎంపికకూ తేడా అక్కడే కనబడుతుంది.

మూడో భాగంలో 120 ప్రశ్నలు, కీ. మేం సరిచూసిన ఒక్క విభాగంలోనే మూడు తప్పులు దొరికాయి. సింగపూర్ ఎప్పుడు పడిపోయిందన్న 14వ ప్రశ్నకు జవాబుగా 'ఫిబ్రవరి 14, 1942' అని ఉంది. స్థావరం తెరిచిన తేదీతో కలిసిపోయింది, సరైనది ఫిబ్రవరి 15. బ్రిటిష్ యుద్ధనౌకలు ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ మునిగింది డిసెంబరు 8 అన్నారు, డిసెంబరు 10 కావాలి. పాలెంబాంగ్‌ను బోర్నియోలో పెట్టారు. అది సుమత్రాలో ఉంది. ఈ మూడోది చిన్న తప్పు కాదు. మలయా నుంచి జలసంధి దాటితే వచ్చేది సుమత్రా. డచ్ చమురు శుద్ధి కేంద్రాలు సింగపూర్‌కు అంత దగ్గరలో ఉండటమే ఈ పొరుగుతనానికి అసలు బరువు.

మ్యాపు విషయం. నలుపు తెలుపు ప్రతిలో డచ్, బ్రిటిష్ ప్రాంతాలు రెండూ ఒకే బూడిదరంగులో పడ్డాయి. జిరాక్స్ మీద జిరాక్స్ తీయడంవల్ల రియావ్ దీవులు చుక్కలైపోయాయి. సింగపూర్‌కు కూతవేటు దూరంలో డచ్ దీవులున్నాయని కంటికి కనబడాల్సింది ఆ చోటే. 40 పెట్టి రంగుల ప్రతి తీసుకోండి, ఏ3లో వేయించుకుంటే ఇంకా మేలు. లేకపోతే పెన్సిళ్ళతో మీరే వేసుకోండి: బ్రిటిష్‌కు గులాబీ, డచ్‌కు నారింజ, ఫ్రెంచికి నీలం, పోర్చుగీసుకు ఆకుపచ్చ. 100 డిగ్రీల రేఖాంశం, 10 డిగ్రీల అక్షాంశం ఎర్ర గీతతో గీయండి.

అచ్చు గురించి కాస్త. పాత ఫాంట్‌లో టైపు చేసి యూనికోడ్‌లోకి మార్చినట్టుంది. ఒత్తులున్న చోట అక్షరాలు విడిపోయాయి, ముఖ్యంగా 'యుద్ధం', 'రక్షణ' అన్న పదాలు పదుల చోట్ల విరిగాయి. డచ్ పేర్లు పేజీకో రకంగా ఉన్నాయి. ఒకే నౌకాధిపతి హెల్ఫ్రిచ్, హెల్‌ఫ్రిక్, హెల్ప్రిచ్ అయ్యాడు. నోటుబుక్కులో ఒక రూపం నిర్ణయించుకుని అదే వాడండి. ఎడమ అంచు చాలక స్పైరల్ రంధ్రాలు మొదటి అక్షరాల మీదుగా పోయాయి. షాపువాళ్ళను ముందే అడిగితే అంచు ఒకటింపావు అంగుళం వదిలి ప్రింటు తీస్తారు, పేజీలు నాలుగైదు పెరుగుతాయి అంతే. బైండింగు రెండో భాగానికి 14 మిల్లీమీటర్ల రింగు వేయించండి. వాళ్ళు వేసే సన్నటిది పట్టికల పేజీలు నాలుగుసార్లు తిప్పేసరికి ఊడుతోంది.

చదివే వరుస ఇలా పెట్టుకుంటే ఫలితం ఉంటుంది. ముందు మ్యాపు, తర్వాత రెండో భాగంలోని పట్టిక, ఆ తర్వాత సరవాక్ ఆరు పేజీలు. అప్పుడు మొదటి భాగానికి వచ్చి ఆ నాలుగు పదాలనూ మొత్తం దిద్దాలి, గంట పని. ప్రతి సమావేశానికీ మూడు ప్రశ్నలు వేసుకోండి: మాట ఇచ్చే అధికారం ఎవరిది, ఇస్తే ఎవరికి సాకు దొరుకుతుంది, ఇవ్వకుండానే చేయగలిగిన పని ఏది. సివిల్స్ మెయిన్స్‌లో 10 మార్కులకు 150 పదాలు, 15 మార్కులకు 250 పదాలు. 150 పదాల్లో అన్ని సమావేశాలూ పట్టవు. ఏడీబీని, డిసెంబరు 5 హామీని తీసుకుని మిగతావి వదిలేయండి. 250 అయితే తిమోర్ చేర్చండి, ఎందుకంటే తటస్థ దేశం తరఫు వాదన అందులోనే ఉంది.

షాపుల్లో ఇప్పుడు రెండు ముద్రణలు కలిసి అమ్ముడవుతున్నాయి. డబ్బు ఇచ్చేముందు మూడో భాగం చివర కీ పేజీ తెరవండి. 14వ ప్రశ్నకు ఫిబ్రవరి 15 అని ఉంటే దిద్దిన ప్రతి, అదే అడిగి తీసుకోండి.